పోతయ్య రెండు చేతుల రక్తం

పొద్దున కోయవాడిగా ఎడమ చేతి రక్తం ఇచ్చిన పోతయ్య, మధ్యాహ్నం గంజి తాగి, తలకు తువ్వాలు చుట్టుకొని వచ్చి లంబాడీగా కుడి చేతి రక్తం ఇచ్చాడు. పేరు అడిగితే గోప్యా అన్నాడు. తల్లి పేరు అడిగితే ద్వాలి అన్నాడు. గోప్యా పక్క తండాలో ఉండే స్నేహితుడు. ఆ వారం ఖమ్మం మిర్చి యార్డులో బస్తాలు మొయ్యడానికి పోయాడు. అంచేత కాదనేవాడు అక్కడ లేడు.

రక్తం తీసిన నిర్మలాదేవి ఆ తేడా కనిపెట్టలేదు. ఆమె మనుషుల ముఖాలు చూడదు, మోచేతి దగ్గర నరం చూస్తుంది. పొద్దుటినుంచి అన్ని చేతులు చూశాక ఆమెకు ఊరంతా ఒకే మనిషిలా కనిపించి ఉండాలి.

అది 1992 డిసెంబరు. ఊరి పేరు తునికిబండ. కారేపల్లి నుంచి అడవిలోకి పోయే దారిలో బస్సు ఆగిన చోట దిగి గంట నడిస్తే వస్తుంది. వానాకాలంలో అయితే రాదు. అలాంటి గూడేనికి హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థ జీపు రావడమే పెద్ద విశేషం. పోలీసులు కాదు, ఫారెస్టువాళ్ళు కాదు, ఓట్లవాళ్ళు అంతకన్నా కాదు. సిరంజీలు, ఐసు పెట్టె, బిస్కెట్ పొట్లాలు పట్టుకొని ఒక ఆడమనిషి దిగింది.

నిర్మలాదేవి సొంతూరు ముదిగొండ. తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ మిరపతోటలు వేశాడు. మనుషులు ఎక్కడినుంచి ఎక్కడికి, ఎప్పుడు వలస పోయారో రక్తంలో వెతకడం ఆమె పని. మీ తాత ఎందుకు వలస వచ్చాడని అడిగితే మాత్రం, "ఎకరం చవగ్గా దొరికిందట" అని తేల్చేసేది.

గూడెం పటేల్ దూలయ్య ఆమెను బడి వరండాలోనే ఆపాడు.

"మేం యాడికీ పోలే మేడం. ఈడనే ఉన్నం. వచ్చినోళ్ళు మీరు. తీస్తే మీ రక్తం తియ్యాలె."

"తీశాను పటేల్ గారూ. అందరికంటే ముందు నాదే తీశాను."

"ఏం తేలింది?"

"ఇంకా తేలలేదండి. అందుకే మీది కూడా కావాలి. ఎవరు ఎక్కడినుంచి వచ్చారో, ఎవరికి ఎవరు ఏమవుతారో రక్తం చెబుతుంది."

ఈ చివరి మాట పోతయ్య చెవిన పడింది. మిగిలిన వాళ్ళు బిస్కెట్ల కోసం వరసలో నిలబడ్డారు. పోతయ్య పెళ్ళి కోసం నిలబడ్డాడు.

అతని కథ చిన్నది. 1953లో గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు ఒక కోయ ఆడమనిషి చంకలో పసివాడితో తునికిబండ చేరింది. వారంలోనే జ్వరమొచ్చి పోయింది. ఏ ఊరు, ఎవరి ఇల్లు అన్నది చెప్పలేదు, లేదా చెప్పినప్పుడు వినే ఓపిక ఎవరికీ లేకపోయింది. పిల్లవాణ్ణి గూడెమంతా పెంచింది. అంటే ఏ ఇంట్లో అంబలి మిగిలితే ఆ ఇంట్లో తాగాడు. పెద్దయ్యాక వెదురు నరికాడు, తునికాకు కోశాడు, అందరి పొలాల్లో పని చేశాడు. పనిలో మహా చురుకని ఎవరూ అనలేదు. పిలిస్తే వస్తాడని మాత్రం అన్నారు.

లోటల్లా ఒకటే. అతనికి గట్టు లేదు. కోయల్లో ప్రతి మనిషీ ఏదో ఒక గట్టులో పుడతాడు. అది తండ్రి నుంచి వస్తుంది. ఒకే గట్టువాళ్ళు ఎంత దూరపు ఊళ్ళలో ఉన్నా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. వాళ్ళ మధ్య పెళ్ళి కుదరదు. వేరే గట్టువాళ్ళయితే బావలు, మరదళ్ళు, మామలు. తండ్రి ఎవరో తెలియని పోతయ్యను ఏమని పిలవాలో ఎవరికీ తెలియదు. బావ అంటే రేపు అన్న అని తేలవచ్చు. అందుకని ఊళ్ళో అందరికీ వరసలుండగా, అతన్ని మాత్రం చంటిపిల్లలు కూడా పోతయ్యా అని పేరు పెట్టే పిలిచేవారు. పరాచికాలాడే మరదలు లేదు, తిట్టే వదిన లేదు.

నలభైకి దగ్గర పడేదాకా అతను దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. ముత్తక్క మొగుడు కామెర్లతో పోయిన మూడో ఏడు నుంచి పట్టించుకోవడం మొదలుపెట్టాడు. ముత్తక్కకు ఎడ్ల జత ఉంది, రెండు చెక్కల పొలం ఉంది, ఎదుటివాణ్ణి నిలబెట్టి మాట్లాడే నోరు ఉంది. మారుమనువుకు కోయల్లో అడ్డు లేదు. ఆమే ముందు అడిగిందని కొందరు, అతనే అడిగాడని కొందరు అంటారు. ఇద్దరూ కలిసి పటేల్ దగ్గరికి పోయిన మాట మాత్రం నిజం.

దూలయ్య తల అడ్డంగా ఊపాడు.

"ముత్తక్క మూడో గట్టు. నువ్వేందో నీకే తెల్వదు. నువ్వూ మూడో గట్టోనివే అయితే? చెల్లెను చేసుకున్నట్టయితది. ఎల్లగొట్టుడు తప్ప దానికి మందు లేదు."

"కాకపోతే?"

"కాదని చూపియ్యి, పప్పన్నం నేనే పెడత."

కాదని చూపించడం ఎలాగో పోతయ్యకు తెలియలేదు. కోయల వంశాలను పాడే డోలివాళ్ళను అడిగాడు. వేల్పుల పండుగకు వాళ్ళు బొమ్మల గుడ్డలు విప్పి, డోలు కొట్టి, ఏ గట్టు ఎవరితో మొదలైందో, ఎవరు ఎవరిని కన్నారో తెల్లారేదాకా పాడతారు. వాళ్ళలో పెద్దాయన సావధానంగా విని, ఒక కుండ కల్లు పోస్తే నాలుగో గట్టులో కలుపుతానని, రెండు కుండలు పోస్తే ఏ గట్టు కావాలంటే ఆ గట్టులో కలుపుతానని చెప్పాడు. పోతయ్య రెండు కుండలూ పోశాడు. దూలయ్య ఆ పాట విననట్టే కూర్చొని, మర్నాడు ఆ డోలాయన్ని ఊరి పొలిమేర దాటించాడు.

అందుకే రక్తం.

అయితే నిర్మలాదేవి పొద్దున అతని ఎడమ చేతికి సూది గుచ్చింది. శరీరంలో ఎడమ సగం తల్లిది, కుడి సగం తండ్రిది అని పోతయ్య చిన్నప్పటినుంచి విన్నాడు. గట్టు తండ్రిది. ఎడమ చేతిలో అది ఎట్లా దొరుకుతుంది?

"మేడం, కుడి చెయ్యి తీసుకోరాదు?"

"ఏ చెయ్యైనా ఒకటేనండి. ఒకసారి చాలు. తర్వాతి వాళ్ళు రండి."

ఒకటే ఎట్లా అవుతుందో అతనికి అర్థం కాలేదు. చదువుకున్నది కదా, తొందరలో ఉందేమో అనుకున్నాడు. మధ్యాహ్నం తండావాళ్ళ వంతు. తలకు తువ్వాలు చుట్టి, తండావాళ్ళంతా ఇచ్చి పోయాక చివరికి వచ్చాడు. బిస్కెట్ పొట్లాలు రెండూ ముత్తక్కకు ఇచ్చాడు.

జీపు మళ్ళీ రావడానికి ఏడాది పట్టింది. 1993 నవంబరులో వరికోతలు నడుస్తుండగా నిర్మలాదేవి దిగింది. ఈసారి ఐసు పెట్టెతో పాటు ఆమె ముఖంలో ఒక వెలుగు కూడా ఉంది. బడి వరండాలో జనాన్ని కూర్చోబెట్టి ముందు అందరికీ సంబంధించిన సంగతి చెప్పింది.

"ప్రతి మనిషి ఒంట్లో తల్లి నుంచి మాత్రమే వచ్చే ఒక గుర్తు ఉంటుంది. అది తల్లికి తన తల్లి నుంచి, ఆమెకు తన తల్లి నుంచి వస్తుంది. అలా వెనక్కి పోతే భూమ్మీదున్న అందరి వరసలూ ఒక తల్లి దగ్గర కలుస్తాయి. ఆమె సుమారు రెండు లక్షల ఏళ్ళ కింద ఆఫ్రికాలో ఉండేదని లెక్కలు చెబుతున్నాయి. అప్పుడు ఇంకా చాలామంది ఆడవాళ్ళున్నారు. కానీ వాళ్ళ కూతుళ్ళ వరసలు మధ్యలో ఆగిపోయాయి. ఈమెది ఆగలేదు. ఆమె సంతానంలో కొందరు ఎన్నో తరాలపాటు నడిచి, సముద్రపు ఒడ్డు వెంబడి మన దేశానికి వచ్చి ఉంటారని కొందరు అంటున్నారు. ఇంకా వాదన నడుస్తోంది."

పటేల్ భార్య జంపక్క చెయ్యెత్తింది. "నడిచే వచ్చిన్రా? చంటిపిల్లలతోని?"

"నడిచే వచ్చారమ్మా."

"పిల్లల్ని ఆడోళ్ళు మోసిన్రు. మరి మొగోళ్ళు ఏం మోసిన్రు?"

"దానికి ఆధారాలు దొరకలేదండి."

"దొరకవు" అంది జంపక్క.

దూలయ్యకు మాత్రం వేరే అనుమానం వచ్చింది. "అందరం ఒక్క తల్లి పిల్లలమేనా?"

"ఆ లెక్కన అంతేనండి."

"నేనూ, ఇగో ఈ జంపక్కా?"

"మీరు, ఆమె, నేను, అందరం."

"ముప్పై ఏండ్ల సంది నేను మొత్తుకునేది అదే" అంది జంపక్క. "ఈ మనిషి ఏనాడు నాకు మొగునిలెక్క కనపడలే."

వరండా గొల్లుమంది. ఆ నవ్వులోనే పోతయ్య లేచి నిలబడ్డాడు. అతను నలుగురిలో గొంతెత్తడం అదే మొదటిసారి.

"పటేలా! ముత్తక్క నాకు చెల్లె కావచ్చని నా పెండ్లి ఆపినవ్. ఇప్పుడు నీ పెండ్లామే నీ చెల్లెనంట. ముందు నువ్వు ఎల్లిపో. నీ యెనక నేను వస్త."

దూలయ్య ఇరుకున పడ్డాడు. ఊళ్ళో పెళ్ళయిన ప్రతివాడూ నేరస్తుడైతే వాళ్ళను ఎల్లగొట్టడానికి మిగిలేది పోతయ్య ఒక్కడే, ఎందుకంటే వాడికే పెళ్ళి కాలేదు. పటేల్ చుట్ట వెలిగించి, రెండు దమ్ములు లాగి, తీర్పు చెప్పాడు.

"డోలోళ్ళ పాటలల్ల పేరు లేని అవ్వ లెక్కల లేదు. ఆఫ్రికా అవ్వ పేరు ఎవడన్న పాడిండా? పాడలే. ఆమె ఎవరి అవ్వనో ఆమెకే ఎరుక. పోతయ్యా, కూసో."

"మేడం, నా గట్టన్న చెప్పు" అన్నాడు పోతయ్య, కూర్చోకుండానే.

"గట్టు తండ్రిది కదండీ. మేం చూసేది తల్లి వరస. తండ్రి వరస చూసే పద్ధతి మా చేతిలోకి ఇంకా రాలేదు." అని ఆమె కాగితాలు తిరగేసింది. "కానీ పోతయ్య అంటే మీరేనా? మీ గురించే మాట్లాడాలని వచ్చాను. ఇక్కడ తండాలో గోప్యా అని ఎవరున్నారు?"

పోతయ్య చప్పున కూర్చున్నాడు.

"గోప్యాకీ మీకూ తల్లి వరసలో ఒక్క అక్షరం తేడా లేదు. తండాలో ఇంకెవరికీ ఆ గుర్తు లేదు. వేరు వేరు చోట్ల నుంచి వచ్చిన రెండు జాతులవాళ్ళలో ఇది కనిపించడం చిన్న విషయం కాదు. రెండుసార్లు చేసి చూశాను. మీరిద్దరూ ఒకే అమ్మ కడుపున పుట్టారంటే నేను నమ్ముతాను."

ఆ సీమలో కోయలకూ లంబాడీలకూ పోడు చెక్కల దగ్గర, పశువుల బాటల దగ్గర తగాదాలుండేవి. సంతలో కలిసి తాగేవారు, తాగాక కొట్టుకునేవారు. వియ్యం మాత్రం లేదు.

"లంబాడోడా!" అన్నాడు దూలయ్య, చుట్ట నోట్లోంచి తీసి. "నిన్నటిదాక గట్టు తెల్వని కోయోడు. ఇయ్యాల తెలిసిన లంబాడోడు. పని తప్పించుకుంటుంటే నాకు అప్పుడే అనుమానం కొట్టింది. రేపు ఆ తండా ముసలమ్మను పిలువున్రి. తేల్చుదం."

పోతయ్య అక్కడినుంచి నేరుగా ముత్తక్క పొలానికి పోయాడు. ఆమె పనలు కడుతోంది. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, తువ్వాలు, గోప్యా పేరు, అన్నీ చెప్పాడు. ముత్తక్క పన మీద మోకాలు పెట్టి బిగించి, లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అంటే నీ రక్తమే నీకు అన్న అయింది."

"అవ్. మేడంకు చెప్పేస్త. పాపం, ఏడాది పని చేసింది."

"చెప్తే ఏమైతది?"

"నిజం తెలుస్తది."

"నిజం తెలిస్తే నువ్వు మళ్ళ గట్టు లేనోడివి. మళ్ళ నాకు అన్నవి కావొచ్చు. దానికి తప్పు కట్టే దారి లేదని పటేల్ అప్పుడే చెప్పిండు. బయటి కులపోన్ని చేసుకున్నోళ్ళకు ఏముంది? ఒక మేక, నాలుగు కుండల కల్లు, ఊరికి బువ్వ. మా చిన్నమ్మ కొడుకు అట్లనే కట్టి కూసున్నడు కదా."

"నేను కోయోన్ని ముత్తక్కా."

"నేను కాదన్ననా? నోరు మూసుకొని పెండ్లిదాక లంబాడోడివై ఉండు. నీకు కులం కావాల్నా, నేను కావాల్నా?"

పోతయ్య వంగి పన ఎత్తాడు. అది బరువుగా ఉండడంతో జవాబు చెప్పే అవసరం తప్పింది.

మర్నాడు పొద్దెక్కాక గోప్యా తల్లి ద్వాలి వచ్చింది. అరవై దాటిన మనిషి, మోచేతులు దాటిన గాజులు, అద్దాల రవిక, చేతిలో కర్ర. వెనక గోప్యా. ముసలమ్మ ఎవరినీ పలకరించలేదు. సరాసరి పోతయ్య ముందు నిలబడి, గడ్డం పట్టుకొని ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది.

"నేను కన్నది ఏడుగుర్ని. ఒక్కరన్న ఇట్ల ఉన్నరా? వీన్ని నేనెప్పుడు కన్న? కని ఎక్కడ పారేసిన? ఏ నోరన్నది ఆ మాట?"

నిర్మలాదేవి గబగబా ముందుకొచ్చింది. "మీరే కన్నారని కాదమ్మా. మీ అమ్మమ్మదో, ఆమె తల్లిదో కావచ్చు. వరస అంటున్నాను."

"మా అమ్మమ్మనా? ఆమె జోలికి పోతవా?"

ఇంతలో గోప్యా అడిగాడు. "మేడం, నా రక్తం ఎప్పుడు తీసిన్రు? నేను నిద్రపోయినప్పుడా?"

పోతయ్య గోప్యా వంక చూశాడు. గోప్యా పోతయ్య వంక చూశాడు. పోతయ్య కుడి చెయ్యి తనంతట తానే వెనక్కి పోయి దాక్కుంది. వీరిద్దరూ ఇరవై ఏళ్ళుగా ఒకే సీసాలో తాగినవాళ్ళు. గోప్యా మీసాల కింద నవ్వు మొదలైంది.

ఆ నిమిషంలో దూలయ్య కలగజేసుకోకుండా ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. పటేల్ కదా, ఉండలేకపోయాడు.

"ఏందమ్మా అంత ఎగురుతున్నవ్? నీ బిడ్డ అని చెప్పుకోను సిగ్గయితే మావోడని మేమెందుకు పెట్టుకోవాలె? మీ తండా సరుకు మీరే తీసుకపోన్రి."

ద్వాలి కర్ర నేలకు తాటించింది. గోప్యా నోరు తెరవబోతే మోచేత్తో డొక్కలో పొడిచింది.

"సరుకా? నలభై ఏండ్లు వీనితోని గొడ్డు చాకిరి చేయించుకొని ఒక పిల్లనియ్యకపోతిరి. సరుకంట! మావోడే. ఏం చేస్తవ్? నేను కనకపోతే మా అమ్మమ్మ కన్నది. పెండ్లి నేను చేస్త. తప్పు నేను కడత. మేకను రేపే తోలిస్త. తిననీకి నీకు పండ్లున్నయా?"

"ఉన్నయి" అన్నాడు దూలయ్య. తర్వాత నాలుక కరుచుకున్నాడు. నలుగురిలో పటేల్ ఉన్నయన్నాక తప్పుకు ఒప్పుకున్నట్టే.

ఆ గొడవలో గోప్యా అడిగింది నిర్మలాదేవి చెవిన పడలేదు. ఆమెకు ఇదంతా సంతోషమే. ఒక పెద్ద సంగతి తన కళ్ళముందే రుజువవుతోందని అనుకుంది. రుజువు గట్టిగా ఉండాలని పోతయ్య, గోప్యా, ద్వాలి ముగ్గురి దగ్గరా రక్తం తీసుకుంది. ఈసారి తలగుడ్డలు విప్పించి ముఖాలు కూడా చూసింది. ఫలితం ఎప్పుడొస్తుందని ముత్తక్క అడిగింది.

"ఆరేడు నెలలు పడుతుందమ్మా. ఎందుకు, తొందరా?"

"మాకేం తొందర లేదు. నెమ్మదిగ చూసుకో" అంది ముత్తక్క. ఆ సాయంత్రమే పెళ్ళికి దగ్గరి రోజు చూడమని పూజారి ఇంటికి పోయింది.

పెళ్ళి 1994 ఫిబ్రవరిలో, ఇప్పపూలు రాలడం మొదలుకాకముందే జరిగింది. ద్వాలి మాట ప్రకారం మేకను తోలించింది. తండా ఆడవాళ్ళు వచ్చి ఆడారు, కోయ ఆడవాళ్ళు వాళ్ళకంటే గట్టిగా ఆడారు. పందిట్లో పెళ్ళికొడుకు తరఫున గోప్యా నిలబడ్డాడు. అన్నగా తనకు దక్కాల్సిన మర్యాదలన్నీ ఒక్కటి విడవకుండా పుచ్చుకొని, సాయంత్రానికి నిలబడలేకపోయాడు. దూలయ్య మేక కాలు తిని, పండ్లున్న సంగతి రుజువు చేశాడు.

ఆగస్టులో నిర్మలాదేవి బురదలో నడిచి వచ్చింది. జీపు వాగు అవతలే ఆగిపోయింది. పోతయ్య ఇంటి ముందు నిలబడి, ఊపిరి తీసుకుని, దూలయ్య కూడా వచ్చాక చెప్పింది.

"గోప్యాకూ ఈయనకూ ఏ సంబంధమూ లేదు. ద్వాలికీ లేదు. కిందటిసారి గోప్యా పేరు మీద ఇచ్చింది గోప్యా రక్తం కాదు. అది ఎవరిదో నాకు తెలిసిపోయింది."

"నాదే మేడం" అన్నాడు పోతయ్య. "కుడి చేతిది."

కుడి చెయ్యి ఎందుకో కూడా చెప్పాడు. నిర్మలాదేవి అరుగు మీద కూలబడింది. సగం రాసిన వ్యాసం, ఊళ్ళు తిరిగిన ఏడాది, పెద్దసార్లకు అప్పుడే చెప్పేసుకున్న గొప్ప, అన్నీ బురదలో కలిశాయి. పోతయ్యను తిట్టడానికి నోరు తెరిచింది. కానీ ముదిగొండలో ఇలాంటి మాటలే వింటూ పెరిగిన మనిషికి రెండు చేతుల సంగతి వింటుంటే కోపం కంటే ముందు నవ్వొచ్చింది. నవ్వుతూనే తిట్టింది. ఆ తిట్లకు ముత్తక్క మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

దూలయ్యకు నవ్వు రాలేదు. వీడు లంబాడీ కాకపోతే మళ్ళీ గట్టు లేనివాడు. గట్టు లేనివాడు ముత్తక్కకు అన్న కావచ్చు. అన్న అయితే ఎల్లగొట్టాలి. ఎల్లగొడితే తిన్న మేక సంగతి ఏమిటి?

"మేడం, ఒక్క మాట. నీ రక్తం ఇప్పుడన్న గట్టు చెప్తదా?"

"చెప్పదండి."

"వీడు ముత్తక్కకు అన్న అని చెప్తదా?"

"చెప్పదు. తల్లి వరసలో ఇద్దరూ వేరు, అంతవరకే చెబుతుంది."

"అట్లయితే నువ్వు ఈ ఊరికి రాలే, నేను ఏం వినలే" అన్నాడు దూలయ్య. "పంచాయతీల వీడు లంబాడోడని తేల్చినం. మేక అరిగిపోయింది. ఇగ వీడు ఏమన్న అయితే నీ కాగితాలల్ల కానియ్యి, మా ఊళ్ళ కాదు."

నిర్మలాదేవి తిరిగి పోయే ముందు పోతయ్య ఎడమ చేతి రక్తం ఇంకోసారి అడిగింది. అతను ఇచ్చాడు. ముత్తక్కను కూడా అడిగింది. మొదటి ఏడు వరసలో నిలబడి ఇచ్చినామె ఈసారి ఇవ్వనంది. అప్పటికి ఆమెకు అయిదో నెల.

పుట్టబోయే బిడ్డకు గట్టు తండ్రి నుంచి రావాలి. లంబాడీ తండ్రికి గట్టు ఎక్కడిది? ఆ సంగతి తేల్చడానికి దూలయ్య కార్తీకంలో చుట్టుపక్కల గూడేల పెద్దలను పిలిపించాడు. తండా నుంచి బిడ్డ నాయనమ్మ తరఫున పదకొండు మంది వస్తున్నామని, భోజనాలు చూసుకోమని ద్వాలి కబురు పెట్టింది.